ఉమ్మడి కుటుంబమా, వేరు కాపురమా, పక్క వీధిలో ఇల్లా: ఏది మేలు?

ఉమ్మడి కుటుంబం మేలా, వేరు కాపురం మేలా అని మనవాళ్లు వాదించుకునేటప్పుడు ఒక ప్రశ్న మరిచిపోతుంటారు: ఎవరికి, ఏ వయసులో? పెళ్లయిన కొత్తలో హాయిగా ఉన్న ఏర్పాటే బిడ్డ పుట్టాక మోయలేని భారం అవుతుంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఎవెలిన్ డువాల్ 1950ల్లోనే కుటుంబ జీవితాన్ని ఎనిమిది దశలుగా చెప్పారు. పెళ్లితో మొదలై, పిల్లలు పుట్టి, పెరిగి, ఇల్లు వదిలి వెళ్లాక ముసలితనంతో ముగిసే వరస అది. ఆ లెక్క ఒక జంట, వాళ్ల పిల్లలు ఉండే ఇంటిది. మన ఇళ్లలో రెండు మూడు దశలు ఒకే గడప లోపల ఒకేసారి నడుస్తాయి. కోడలికి పురుడు, ఆడపడుచుకు సంబంధాలు, మామగారికి రిటైర్మెంట్ అన్నీ ఒకే ఏడాదిలో వచ్చిపడతాయి. సగం గొడవలు ఇక్కడే పుడతాయి.

ఒకే కప్పు కింద ఉండటం, ఒకే పొయ్యి మీద వండింది తినడం, ఆస్తి ఉమ్మడిగా ఉండటం ఉమ్మడి కుటుంబ లక్షణాలని మానవ శాస్త్రవేత్త ఇరావతి కర్వే చెప్పారు. ఈ మూడూ ఎప్పుడూ కలిసే ఉండాలని లేదు. గుజరాత్‌లోని మహువాలో కుటుంబాలను పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త ఐ.పి. దేశాయ్, వేర్వేరు ఇళ్లలో ఉంటూ కూడా బాధ్యతల్లో, ఆస్తిలో ఒకటిగా నడిచేవాళ్లను చూపించారు. అంటే మూడో దారి ఉంది: పొయ్యి వేరు, రాకపోకలు రోజూ. పై అంతస్తులోనో, పక్క వీధిలోనో ఇల్లు.

పెళ్లయిన మొదటి ఒకటి రెండేళ్లు వేరు కాపురమే మేలు. ఈ విషయంలో నాకు అనుమానం లేదు. ఉద్యోగం నుంచి ఏడున్నరకు ఇల్లు చేరిన కోడలు, హాల్లో పెద్దవాళ్లు కూర్చుని ఉంటే, చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వెళ్తుంది. ఐదు నిమిషాలు నడుం వాల్చాలన్నా మొహమాటం. అదే సమయానికి వచ్చిన కొడుక్కి కాఫీ చేతికొస్తుంది. అత్తగారు మంచిదే కావచ్చు, ఒక్క మాట కూడా అనకపోవచ్చు, అయినా ఆ ఇంటి అలవాటు అలా ఉంటుంది. ఎంత ఖర్చుపెట్టాలి, ఎవరు వండాలి అన్నవి భార్యాభర్తలు తామే తేల్చుకోవాలంటే కొన్నాళ్లు వాళ్లిద్దరే ఉండాలి.

బిడ్డ పుట్టగానే లెక్క మారిపోతుంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు ప్రసూతి సెలవు 26 వారాలైంది. యాభై మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో పిల్లల కోసం క్రెష్ ఉండాలని కూడా అదే చట్టం చెప్పింది. చిన్న ఆఫీసులో పనిచేసే తల్లికి ఆ క్రెష్ లేదు. ఆరు నెలల బిడ్డను ఎవరికి అప్పగించాలి? అమెరికాలో ఉన్న మన పిల్లలు విజిటర్ వీసా మీద ముందు అమ్మానాన్నల్ని, వాళ్లు వెనక్కి వెళ్లే వేళకు అత్తమామల్ని పిలిపించుకునేది ఇందుకే. ఈ దశలో పెద్దవాళ్లు నడిచి వచ్చేంత దగ్గర్లో ఉండటాన్ని మించింది లేదు. అయితే అమ్మమ్మకూ మోకాళ్లు నొప్పులుంటాయి. రోజుకు పది గంటలు పసిబిడ్డను ఎత్తుకుని తిరగడం ప్రేమే, చాకిరీ కూడా. ఎంతవరకు చేయగలరో ముందే అడగాలి. ఆ అడగటం చాలా ఇళ్లలో జరగదు. పొయ్యి వేరుగా ఉంటే సాయంత్రమైనా ఆవిడ తన ఇంటికి వెళ్లి కాళ్లు చాపుకుంటుంది.

పిల్లలు బడికి వెళ్లే ఏళ్లలో ఏ పద్ధతైనా నెట్టుకురావచ్చు. ఇంట్లో మాట్లాడే పెద్దవాళ్లు ఉంటే పదో తరగతి టెన్షన్ కొంచెం తగ్గుతుంది, అంతే.

అసలు పరీక్ష పెద్దవాళ్ల చివరి దశలో వస్తుంది. ఇద్దరూ ఓపికగా ఉన్నంతకాలం వాళ్లని వాళ్ల ఇంట్లోనే ఉండనివ్వాలి. ఒకరు పోయాక మాత్రం పక్క వీధి కూడా దూరమే. రాత్రి బాత్రూంలో జారిపడితే వినేవాళ్లు ఉండాలి. అప్పుడు ఒకే కప్పు కిందికి రావాలి. అన్నిటికన్నా చెడ్డది వంతుల పద్ధతి. అమ్మ మూడు నెలలు పెద్దవాడి దగ్గర, మూడు నెలలు చిన్నవాడి దగ్గర. మరీ ఘోరమైన ఇళ్లలో నాన్న ఒకరికి, అమ్మ ఒకరికి. వంతు మారిన రోజు ఆమె బీపీ మాత్రల డబ్బా, కళ్లజోడు, నాలుగు చీరలు సంచిలో సర్దుకుని గుమ్మం దగ్గర కూర్చుంటుంది. ఎప్పుడూ చూపించుకునే డాక్టరు ఈ ఊళ్లో, పలకరించే ఇరుగుపొరుగు ఆ ఊళ్లో. అన్నదమ్ములకు న్యాయంగా కనిపించే ఈ పంపకంలో ఆమెకంటూ ఇల్లు లేకుండా పోతుంది. ఒక్కరి దగ్గరే ఉంచి మిగతావాళ్లు ఖర్చు పంచుకోవడం వెయ్యి రెట్లు నయం.

ఆ ఒక్కరు కూతురు ఎందుకు కాకూడదు? హిందూ కుటుంబాల్లో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే వచ్చింది. 2005లో హిందూ వారసత్వ చట్టం సవరణతో ఆ సమాన హక్కు దేశమంతటా, పెళ్లయిన కూతుళ్లకు కూడా దక్కింది. అయినా అల్లుడింట్లో ఉండటం నామోషీ అనుకునే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. ఆ పట్టింపు వల్ల నష్టపోయేది వాళ్లే.

ఏ పద్ధతి ఎంచుకున్నా, కలిసి ఉంటున్నాం కదా అని ఇల్లు ముందే పిల్లల పేరున రాసేయొద్దు. రాయక తప్పకపోతే, తమను పోషించాలన్న షరతు ఆ గిఫ్ట్ దస్తావేజులోనే రాయించుకోవాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం ఆ షరతు తప్పితే, ఆర్డీవో స్థాయి ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ దస్తావేజు చెల్లదని ప్రకటించమని కోరవచ్చు.