తల ఊపుతోందా, నడుము ఊపుతోందా: బాలానగర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపు గురించి

గత నవంబరులో హైదరాబాద్ నుంచి బెంగళూరుకు 44వ జాతీయ రహదారి మీద వెళుతూ, జడ్చర్ల దాటాక ఒక లారీని దాటేందుకు వేగం పెంచినప్పుడు, నా 650 సీసీ టూరింగ్ బండి హ్యాండిల్ ఉన్నట్టుండి ఎడమకూ కుడికీ కొట్టుకోవడం మొదలుపెట్టింది. నాలుగు వరుసల రహదారిపై ద్విచక్ర వాహనాలకు 2018లో కేంద్రం నిర్దేశించిన గరిష్ఠ పరిమితి గంటకు 80 కిలోమీటర్లు; నేను ఆ క్షణంలో 95లో ఉన్నాను, ఆ తప్పు నాదే. అయినా లోపం లేని బండి ఆ వేగానికి అలా ఊగకూడదు. బ్రేకు జోలికి పోకుండా, హ్యాండిల్‌ను బిగించి పట్టుకోకుండా, ఒంటిని ముందుకు వంచి, యాక్సిలరేటర్‌ను మెల్లగా వదులుతూ వచ్చాను కనుక అది తనంతట తానే సర్దుకుంది. ఆ తరువాత 80 నుంచి 60కి దిగే ప్రతిసారీ చేతుల్లో సన్నని వణుకు తెలుస్తూనే ఉండేది.

తిరిగి వచ్చాక రెండు చోట్ల చూపించాను. ఒకచోట రెండు టైర్లూ మార్చారు. రెండోచోట కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే మెడలోని బేరింగులు) బిగించి, ఇంకా ఊగితే స్టీరింగ్ డ్యాంపర్ వేయించుకొమ్మన్నారు. వణుకు పోలేదు. డ్యాంపర్ ఊగుడును అణచిపెడుతుందే గాని అది ఎక్కడ పుడుతోందో చెప్పదు. కారణం లోపల అరుగుతూనే ఉంటుంది, మనకు వచ్చే హెచ్చరిక మాత్రం ఆగిపోతుంది.

చివరకు ఒక మిత్రుడి మాట మీద బాలానగర్‌లో రెండు బండ్లు మాత్రమే పట్టే ఒక షెడ్డుకు వెళ్లాను. అక్కడ అందరూ ఉస్తాద్ అని పిలిచే పెద్దాయన బండిని ముట్టుకోకముందే అడిగిన మొదటి ప్రశ్న ఇది: "తల ఊపుతుందా సార్, నడుము ఊపుతుందా?" మొత్తం నిర్ధారణకు మూలం ఆ ప్రశ్నే. హ్యాండిల్ మాత్రమే సెకనుకు నాలుగు నుంచి పది సార్లు వేగంగా కొట్టుకుంటే అది వాబుల్, తల ఊపడం. అప్పుడు ముందు టైరు, ముందు చక్రం, కోన్‌సెట్ వైపు అనుమానం వెళ్లాలి. బండి మొత్తం సెకనుకు రెండు మూడు సార్లు నెమ్మదిగా పాములా మెలికలు తిరిగితే అది వీవ్, నడుము ఊపడం; అప్పుడు వెనుక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, వెనుక షాక్ అబ్జార్బర్, వెనుక టైరు, సామాను బరువు చూడాలి. నాది తల ఊపడమే అని నేను చెప్పినా ఆయన దాన్ని అలాగే ఒప్పుకోలేదు. యాక్సిలరేటర్ మూసినప్పుడా తెరిచినప్పుడా, పెట్టెలు ఉన్నప్పుడా లేనప్పుడా, వెనుక మనిషి ఉంటే తగ్గుతోందా పెరుగుతోందా అని ఓపికగా అడిగారు.

తరువాత వెనుక పెట్టెను దించి తూకం వేశారు. తడి గుడారం, పనిముట్లు కలిపి 11 కిలోలు వచ్చింది. నా బండి మాన్యువల్ ఆ పెట్టెకు అనుమతించేది 5 కిలోలే. వెనుక చక్రపు ఇరుసుకు వెనుకగా, ఎత్తులో కూర్చున్న బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుందని ఆయన వివరించారు. వెనుక టైరులో గాలి ఉండవలసిన 36 పీఎస్ఐకి బదులు 28 ఉంది. ఈ రెండింటినే ఒకదాని తరువాత ఒకటిగా సరిచేసి, వేరే ఏదీ ముట్టుకోకుండా, ప్రతిసారీ మేడ్చల్ వైపు నడిపి చూశారు; 80 దాటలేదు, చేతులు హ్యాండిల్ మీద నుంచి తీయలేదు, పట్టు మాత్రమే వదులు చేశారు. వణుకు తగ్గింది, పోలేదు. ఒకసారికి ఒక్కటే మార్చి చూడడం అనే ఈ క్రమశిక్షణ అంతకుముందు నాకు ఎక్కడా కనబడలేదు.

అసలు దోషి మరుసటి ఉదయం దొరికింది. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, నా చూపుడు వేలిని ఫ్రేమ్ మెడకూ, ఫోర్కును పట్టి ఉంచే కింది క్లాంప్‌కూ మధ్య సందులో పెట్టించి, ఫోర్కు కింది కొసలను పట్టి ముందుకూ వెనక్కూ కదిపారు. చక్రం నేరుగా ఉన్నప్పుడు వేలికి టక్కుమని తగిలింది, పక్కకు తిప్పితే ఆ లూజు లేదు. విప్పి చూస్తే కోన్‌సెట్ కింది గిన్నెలో, బండి నేరుగా పోయేటప్పుడు గోళీలు కూర్చునే చోటే, వరుసగా చిన్న గుంటలు పడి ఉన్నాయి. మధ్యలో లూజు, పక్కలకు టైటు అయిన కోన్‌సెట్‌ను ఎంత బిగించినా లాభం లేదు: మధ్యలో సరిపోయేలా బిగిస్తే మలుపులో పట్టేస్తుంది, మలుపులో సాఫీగా ఉంచితే మధ్యలో ఊగుతుంది. రెండోచోట బిగించినా ఎందుకు తగ్గలేదో నాకు అప్పుడు అర్థమైంది.

గోళీల బదులు చిన్న రోలర్లు ఉండే టేపర్ రోలర్ బేరింగులు వేసి, స్ప్రింగు కాటాతో హ్యాండిల్ లాగుడును కొలిచి నట్టు బిగించారు. వెనుక చక్రం నుంచి ముందుకు దారం లాగి రెండు చక్రాలూ ఒకే వరుసలో ఉన్నాయని చూపించారు. వెనుక చక్రాన్ని వరుసలో పెట్టడానికి గొలుసు దగ్గర ఉండే గీతలను మాత్రం నమ్మవద్దన్నారు. బేరింగులకు 1,450 రూపాయలు, మజూరీ 1,800.

లోపాలూ చెప్పాలి. నాలుగు రోజుల ముందు మాట్లాడుకుంటే గాని వంతు రాదు, కూర్చునే చోటు లేదు, పక్కా బిల్లు అడిగితే గాని ఇవ్వరు. ప్రమాదంలో ఫ్రేమ్ వంగిన బండిని దారంతో తేల్చలేరు; అటువంటివాటిని తాను చూడనని ఆయనే ముందే చెబుతారు.

సామాను విషయం చిన్నది కాదని నా అభిప్రాయం; నడుము ఊపే వీవ్‌కు అదీ ఒక కారణం. బ్రిటన్‌లో 2007లో కొన్ని పోలీసు దళాలు హోండా ఎస్‌టీ1300 పాన్ యూరోపియన్ అనే టూరింగ్ బండిని అధిక వేగంలో వచ్చే వీవ్ మీది ఆందోళనతో గస్తీ నుంచి తప్పించాయి. అందుకే వణుకుతో వచ్చిన ప్రతి బండికీ ఉస్తాద్ ముందుగా కాటా తీయడం నాకు చాలా నచ్చింది.

గత నెల కర్నూలు దాకా వెళ్లి వచ్చాను. పెట్టెలో వాన కోటు, మందుల సంచి మాత్రమే ఉన్నాయి, గుడారం ట్యాంకు సంచిలోకి మారింది. జడ్చర్ల దగ్గర 80 నుంచి 60కి దిగుతూ పట్టు వదులు చేసి చూశాను. హ్యాండిల్ కదలలేదు.