పళ్ళు రాని పిల్లోడికి పళ్ళ సెట్టు: తిరుపతిలో మేము చూపించిన క్లినిక్ గురించి

మా బాబుకి ఐదేళ్ళు. వాడికుండేది హైపోహైడ్రోటిక్ ఎక్టోడర్మల్ డిస్‌ప్లేసియా, అంటే పుట్టుకతోనే పళ్ళు చాలా తక్కువ, జుట్టు పల్చన, చెమట సరిగ్గా పట్టదు, నుదురు కొంచెం ముందుకి, ముక్కు దూలం అణిగినట్టు ఉంటుంది. పైన రెండే పళ్ళు, అవీ సూదిగా, కింద అసలు లేవు. ఎయిర్ బైపాస్ రోడ్డు పక్క సందులో ఒక పిల్లల డెంటల్ క్లినిక్‌లో వాడికి కట్టుడు పళ్ళు పెట్టించినాము, ఇట్లాంటి పిల్లలుండే అమ్మానాన్నలకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

ముందు డాక్టరమ్మ గురించే చెప్పాల. నోరు తెరవమనక ముందే "అమ్మా, బాబుకి చెమట పడుతుందా, ఎండాకాలంలో ఊరికే జ్వరాలొస్తాయా" అని అడిగినారు. ప్రతి వేసవికి జ్వరం, ప్రతిసారీ టైఫాయిడ్ టెస్టు, మందులు, ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా మమ్మల్ని ఈ మాట అడగలేదు. మన ఊర్లో 40 డిగ్రీలు దాటితే పెద్దోళ్ళకే తట్టుకోను కష్టం, చెమటే పట్టని పిల్లోడికి ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేక ఒళ్ళు కాలిపోతుందంట. బయటికి పోతే తడి బనియను వెయ్యమని, నీళ్ళు చల్లే స్ప్రే బాటిల్ బ్యాగులో పెట్టమని, స్కూల్లో ఎండలో ఆడించకుండా లెటర్ ఇస్తానని చెప్పినారు. పళ్ళ డాక్టరు దగ్గరికి పోయి ఇవన్నీ తెలుసుకుంటామని మేము అనుకోలేదు.

తర్వాత "మీ పుట్టింట్లో మగోళ్ళకి ఎవరికైనా ఇట్లా ఉందా" అన్నారు. మా తమ్ముడికి ఉంది. చిన్నప్పటినుంచి చిగుళ్ళతోనే సంగటి మింగి పెరిగినాడు, ఊర్లో బోసోడా అనే పిలుస్తారు, దీనికి ఒక పేరుందని మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండే ఈడీఏ అనే జీన్‌లో మార్పు వల్ల ఎక్కువగా ఇది వస్తుందంట, అది తల్లిలో ఉంటే పుట్టే ప్రతి కొడుక్కీ సగానికి సగం అవకాశం, తండ్రి నుంచి కొడుక్కి మాత్రం రాదు. కూతుళ్ళకి వచ్చినా చాలామందికి ఒకటి రెండు పళ్ళు లేకపోవడం లాంటివే కనిపిస్తాయంట, నాకు కూడా రెండు పళ్ళు ఎప్పుడూ రాలేదు. డార్విన్ కూడా 1875లో సింధ్‌లోని ఒక హిందూ కుటుంబం గురించి రాసినాడు, నాలుగు తరాల్లో పదిమంది మగోళ్ళకి పళ్ళు తక్కువ, బట్టతల, ఎండకి ఒళ్ళు ఎండిపోయేది, కూతుళ్ళు బాగానే ఉన్నా వాళ్ళ కొడుకులకి వచ్చేది. చదివితే మా ఇంటి గురించే రాసినట్టుంది.

మా అత్త తిరుమలలో తలనీలాలు ఇస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని మళ్ళీ మళ్ళీ గుండు కొట్టించింది. డాక్టరమ్మ "పెద్దమ్మా, మొక్కు మీ ఇష్టం, కానీ కుదుళ్ళే తక్కువ, గుండు వల్ల ఒత్తు కాదు" అని నెమ్మదిగా చెప్పినారు, అత్త వినింది.

ఇంక సెట్టు సంగతి. సూది పళ్ళకి పంటి రంగు మెటీరియల్ అంటించి మామూలు పళ్ళ షేపు తెచ్చినారు, తీసి పెట్టుకునే సెట్టు దానికి ఆనుకుంటుంది. పైది బాగా కుదిరింది. కిందిది మాత్రం జారుతుంది, పళ్ళు లేనిచోట పళ్ళని పట్టుకునే గట్టు ఎముక సరిగ్గా పెరగదు కాబట్టి పట్టు ఉండదు, లాలాజలం కూడా తక్కువ, ఇదంతా ముందే చెప్పినారు. దవడ పెరిగే కొద్దీ మళ్ళీ కొత్త సెట్టు చేయించాల్సిందే, ఎముకలో స్క్రూ బిగించి పెట్టే పళ్ళు, అంటే ఇంప్లాంట్లు, మామూలుగా ఎదుగుదల ఆగినాకే. అచ్చు తీసేటప్పుడు వాడు ఏడిస్తే బలవంతం చెయ్యలేదు, ఆ రోజుకి పంపించేసినారు. ఇప్పుడు వేరుశనక్కాయలు కొరుకుతా ఉన్నాడు, "ప", "త" స్పష్టంగా పలుకుతా ఉన్నాడు, ఫోటో తీస్తే నోరు మూసుకోవడం మానేసినాడు.

నచ్చనిది వెయిటింగ్ హాలు. ఏసీ లేదు, మధ్యాహ్నం అపాయింట్‌మెంట్ ఇస్తారు, గంటపైన కూర్చోబెడతారు, ఇట్లాంటి పిల్లలకి అది ప్రమాదమే, లోపల ఇంత తెలిసిన డాక్టరు ఉండి బయట ఇట్లా ఉండకూడదు. పొద్దున్నే మొదటి టైమ్ అడిగి తీసుకోండి. ఖర్చు ముందే కాగితం మీద రాసిస్తారు, తర్వాత పెంచలేదు. జెనెటిక్ టెస్టుకి లెటర్ కూడా అడగండి, ఇంకో బిడ్డ కావాలనుకునేవాళ్ళు తప్పకుండా. మా తమ్ముడికి కూడా స్కాన్ తీసినారు, ఇంప్లాంట్లకి ఎముక చాలుతుందో లేదో వచ్చే వారం చెప్తారు.