క్లినికల్ సైకాలజీకి ముందు వాలంటీరు పని: ఆసుపత్రా, హెల్ప్‌లైనా, స్పెషల్ స్కూలా?

ఎం.ఏ. సైకాలజీ చివరి సెమిస్టర్‌కి వచ్చేసరికి అందరిదీ ఒకటే టెన్షన్: ఎంట్రన్స్ రాసేలోపు ఎక్కడో ఒకచోట అనుభవం సంపాదించాలి. నిజానికి మన దగ్గర క్లినికల్ సైకాలజీ కోర్సుల్లో చేర్చుకోవడానికి ముందుగా చూసేది మార్కులు, ఎంట్రన్స్. వాలంటీరు పని అక్కరకొచ్చేది ఇంటర్వ్యూలో. "ఎక్కడ చేశారు?" అంటే టక్కున చెప్తారు. "అక్కడ ఏం చూశారు?" అంటే నీళ్లు నములుతారు. అందుకే నేను చూసేవి రెండే: ఒకే మనిషిని నెలల తరబడి గమనించే వీలుందా, తప్పు చేస్తే దిద్దేవాళ్లున్నారా?

చాలామంది మొదట పరిగెత్తేది ఆసుపత్రికి. నెల రోజుల ఇంటర్న్‌షిప్, కొన్నిచోట్ల మనమే ఎదురు ఫీజు కట్టాలి (ఇక అది వాలంటీరు పనేమిటో!). ఓపీలో ఓ మూల కూర్చుని, సీనియర్లు కేసు హిస్టరీ తీసుకుంటుంటే వినాలి. వినడానికి చాలా ఉంటుంది. పుస్తకంలో డిప్రెషన్ అని చదివింది ఇక్కడ "తల నరాలు గుంజుతున్నాయి సార్, ఒంట్లో సత్తువ లేదు" అంటూ వస్తుంది. కానీ ఆ మనిషి మళ్లీ రివ్యూకి వచ్చేసరికి మన నెల అయిపోతుంది. "టెస్టులు కూడా మీ చేతే చేయిస్తాం" అంటే మురిసిపోకండి. అర్హత లేనివాళ్లతో పరీక్షలు చేయించి రిపోర్టులిచ్చే చోట అబ్బేవి చెడు అలవాట్లే.

హెల్ప్‌లైన్ సంగతి వేరు. మానసిక బాధలో ఉన్నవాళ్లు ఫోన్ చేసే హైదరాబాద్‌లోని రోష్ని లాంటి సంస్థలు వాలంటీర్లకు శిక్షణ ఇచ్చాకే ఫోన్ అప్పగిస్తాయి. 1953లో లండన్‌లో చాద్ వారా అనే మతగురువు మొదలుపెట్టిన సమారిటన్స్ హెల్ప్‌లైన్ దారే ఇలాంటి చోట్ల కనిపిస్తుంది: వినాలి, సలహా ఇవ్వకూడదు. సలహా ఇవ్వకుండా వినే మనిషి మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారు చెప్పండి! అవతల ఏడుస్తుంటే "ఏడవకండి" అనకుండా ఉండటం నేర్చుకోవాల్సిన పనే. కాకపోతే ఫోన్ పెట్టేశాక ఆ మనిషి ఏమయ్యాడో తెలియదు. ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు కొన్నాళ్లు ఆగడం మంచిది. 14416 టెలి-మానస్‌ని దీనితో కలపకండి, అది ప్రభుత్వం 2022లో తెచ్చిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, అక్కడ పనిచేసేది జీతం మీద ఉండే కౌన్సెలర్లు.

నా ఓటు మాత్రం ఎదుగుదలలో వెనకబడిన పిల్లలు చదివే స్పెషల్ స్కూల్‌కే. ఇంటర్వ్యూలో గొప్పగా వినిపించదు, నిజమే. కానీ చొక్కా గుండీ పెట్టడం ఎలా నేర్పుతారో చూడండి. టీచర్ గుండీని సగం వరకు కాజాలో దూర్చి, చివరికి లాగడం ఒక్కటే పిల్లాడికి వదులుతారు. అది వచ్చాక దానికి ముందు మెట్టు కూడా వాడికే వదులుతారు. "ఊరికే కొడతాడు" అని రిజిస్టర్‌లో రాయనివ్వరు. కొట్టేముందు ఏం జరిగింది, ఎలా కొట్టాడు, తర్వాత ఏమైంది, మూడూ రాయాలి. అలా కొన్నాళ్లు రాస్తే తెలుస్తుంది: పలక చేతికిచ్చినప్పుడే కొడుతున్నాడు, కొట్టగానే పలక తీసేస్తున్నారు! అంటే కొడితే పలక తప్పుతుందని నేర్చుకున్నాడన్నమాట. ప్రవర్తనను మార్చే బిహేవియర్ థెరపీ మొత్తం ఆ పలక దగ్గరే అర్థమవుతుంది. సాయంత్రం గేటు దగ్గర తల్లి "మావాడికి మాటలొస్తాయా అమ్మా?" అని అడిగితే, "టీచర్ గారిని కలుద్దాం రండి" అనడమే మన పరిధి. ఆ పరిధి తెలియడం చిన్న విషయం కాదు.

లోటు ఒకటుంది: పెద్దవాళ్ల మానసిక జబ్బులు అక్కడ కనిపించవు. అందుకే వారానికి రెండు రోజుల చొప్పున ఆరు నెలలు స్కూల్లో చేసి, ఆపైన ఓ నెల ఆసుపత్రిలో కూర్చోవడం మేలు. ఎదుటివాళ్ల మాటకు అడ్డుపడే అలవాటున్నవాళ్లు మాత్రం ముందు హెల్ప్‌లైన్‌కే వెళ్లండి.

యూకేలో క్లినికల్ సైకాలజీ డాక్టరేట్‌కి అప్లై చేసేవాళ్ల లెక్క వేరు. అక్కడి కోర్సులు సంబంధిత అనుభవాన్ని గట్టిగానే చూస్తాయి. అసిస్టెంట్ సైకాలజిస్ట్ లాంటి ఉద్యోగాలు చేసొచ్చినవాళ్లతో పోటీ కాబట్టి వాలంటీరు పని ఒక్కటే సరిపోదు.

ఎక్కడ చేసినా వచ్చేముందు సర్టిఫికెట్‌లో ఏ పని చేశారో, ఎన్ని గంటలు చేశారో, ఎవరి పర్యవేక్షణలో చేశారో రాయించుకోండి. మీ నోట్‌బుక్‌లో మాత్రం పిల్లల పేర్లు, పేషెంట్ల పేర్లు రాసుకోవద్దు.