పాత మారుతి 800 ఉన్నవాళ్లు జాగ్రత్త: మా కార్బొరేటర్‌నే కొత్తదని మాకు అమ్మాడు

శ్రీకాకుళంలో పాత మారుతి ఉన్నవాళ్లలో సగంమంది వెళ్లే షెడ్డే. పేరు రాయను. నిన్న సాయంత్రం అక్కడినుంచి వచ్చాను, ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

బండి నాన్నగారిది, 1996 మోడల్. ఆయన పోయి మూడేళ్లయింది, అమ్మేద్దామంటే అమ్మ ఒప్పుకోదు. నెల్లాళ్లుగా స్లోలో నిలబడటం లేదు. రేస్ ఇచ్చినంతసేపు బాగానే ఉంటుంది, హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలు, దడదడలాడి ఆగిపోతుంది. చోక్ కొంచెం లాగి ఉంచితే మాత్రం సర్దుకునేది. ఈ మాట షెడ్డులో రెండుసార్లు చెప్పాను. వినలేదు. ప్లగ్గు ఒక్కటి కూడా విప్పి చూడకుండానే "కార్బొరేటర్ పోనాది మాస్టారూ, కంపెనీది కొత్తది ఉంది, రేపటికి బిగించేస్తాను" అన్నాడు. పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపేది అదే.

8,500 కార్బొరేటర్‌కి, 1,200 కూలి. బిల్లు అడిగితే "మన మధ్య బిల్లేటండీ" అన్నాడు. ఊరుకున్నాను. పాతది ఇమ్మంటే తుక్కులో వేసేశానన్నాడు. దానికీ ఊరుకున్నాను. ఇంటికి తెచ్చాక ఇంజన్ మామూలు కన్నా గట్టిగా అరుస్తోంది. స్లో స్క్రూ బిగించేసి రేస్ పెంచి పంపాడని నాకు అప్పుడే తెలియాల్సింది. నాన్న అయితే షెడ్డు గేటు దాటకముందే పట్టుకునేవారు.

మొన్న ఆదివారం అమ్మని అరసవల్లి దర్శనానికి తీసుకెళ్లాను. ఆ రద్దీలో బండి మూడుసార్లు ఆగింది. మూడోసారి ఇక అందుకోలేదు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఎండలో నడిచింది.

మర్నాడు ఆమదాలవలసలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ముందు ప్లగ్గులు విప్పి చూశాడు, మూడూ తెల్లగా ఉన్నాయి. పెట్రోల్ చాలట్లేదు, ఎక్కడో దొంగగాలి లోపలికి పోతోంది అన్నాడు. ప్లగ్గులు మళ్లీ బిగించి, ఇంజన్ స్టార్ట్ చేయించి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. సూది తీసేసిన సిరంజితో కార్బొరేటర్ చుట్టూ, గొట్టాల మీద కొద్దికొద్దిగా నీళ్లు చిమ్మాడు. వెనకాల మానిఫోల్డ్‌కి, అంటే ఇంజన్‌లోకి గాలి, పెట్రోల్ వెళ్లే దారికి, పోయే సన్న గొట్టం మీద నీళ్లు పడగానే ఇంజన్ శబ్దం మారింది. అక్కడ వేలు పెట్టి మూశాడు. దడదడ ఆగిపోయింది. "గొట్టం పగిలిపోనాది బాబూ, కార్బొరేటర్‌కేటీ కాలేదు" అన్నాడు. గొట్టం ధర 40 రూపాయలు.

స్లోలో ఇంజన్ గాలిని గట్టిగా లాగుతుంది కాబట్టి ఆ పగులులోంచి గాలి దూరిపోయి పెట్రోల్ పలచబడుతుందట. చోక్ లాగితే పెట్రోల్ పెరిగి సర్దుకునేది అందుకే. రేస్ ఇచ్చినప్పుడు ఆ కాస్త గాలి లెక్కలోకి రాదు. నేను రెండుసార్లు చెప్పిన మాటలోనే జవాబు ఉంది!

అసలు సంగతి తర్వాత బయటపడింది. స్లో మళ్లీ సెట్ చేద్దామని ఆయన పెట్రోల్‌లో తడిపిన గుడ్డతో కార్బొరేటర్ తుడిచాడు. గుడ్డకి వెండిరంగు అంటుకుని వచ్చేసింది. పెట్రోల్, గాలి పాళ్లు సరిచేసే మిక్చర్ స్క్రూ పక్కన, రంగు పోయిన చోట, సన్నగా ఎర్రటి గీత కనిపించింది. అది చెల్లి నెయిల్ పాలిష్. స్క్రూ ఎక్కడ ఉండాలో గుర్తుండాలని నాన్న ఎన్నో ఏళ్ల కిందట నా ఎదురుగానే పెట్టిన గీత. అమ్మ వంగి చూసింది, గీత మీద వేలు పెట్టింది, ఏమీ మాట్లాడలేదు.

అక్కణ్నుంచి నేరుగా షెడ్డుకి వెళ్లాను. గీత చూపించాను. కాదనలేదు. నలుగురు కుర్రాళ్ల ముందు "అయితే ఏటి మాస్టారూ, కడిగి ఇచ్చాం కదా. ముప్పై ఏళ్ల బండి ఇలాగే ఉంటాది, తుక్కుకి ఏసేయండి" అన్నాడు. నా వైపు కూడా చూడకుండా నట్లు బిగించుకుంటూనే అన్నాడు. డబ్బు సంగతి అడిగితే వచ్చిన దారి చూపించాడు. ఆయన్ని నమ్మి తాళాలు ఇచ్చింది నేనే, పాత సామాను కోసం పట్టుబట్టనిది నేనే. ఇది నన్ను నిద్రపోనివ్వట్లేదు.

మీరెవరైనా కార్బొరేటర్ మార్పించేముందు పాతదానికి ఫోటో తీసుకోండి, దాన్ని చేతికి ఇస్తేనే డబ్బులివ్వండి, బిల్లు రాయించుకోండి. స్లోలో ఆగిపోతుంటే ముందు గొట్టాలు, ప్లగ్గులు చూడమనండి. ఇంజన్ ఆన్‌లో ఉండగా గొట్టాలు మీరే చూసుకుంటే, కదిలే బెల్టు దగ్గర చేతులు పెట్టకండి.

నా దగ్గర ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాట్ ఉంది, రంగు అంటిన గుడ్డ కూడా పెద్దాయన్ని అడిగి తెచ్చుకున్నాను. రేపు పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను. అదే షెడ్డులో మీకూ ఇలా జరిగి ఉంటే కింద రాయండి, కలిసి ఫిర్యాదు చేద్దాం.