ఆకు చూసి కొనండి, చీటీ చూసి కాదు

పోయినేడు జూన్‌లో హయత్‌నగర్ దాటాక హైవే పక్క నర్సరీలో మూడు తీగలు కొన్నాను: నీలి కృష్ణకమలం, ఎర్ర కృష్ణకమలం, పాషన్ ఫ్రూట్. ఒక్కోటి 250 రూపాయలు. మొక్కలు ఆరోగ్యంగా ఉన్నాయి, కవరు విప్పితే వేర్లు తెల్లగా, నిండుగా ఉన్నాయి. వనస్థలిపురంలో మా డాబా మీద పది రోజులకే పందిరి పట్టుకున్నాయి. ఆ విషయంలో ఏ వంకా పెట్టను.

తప్పంతా మొక్కలకు కట్టిన పేరు చీటీల్లోనే. ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు బాటనీ చెప్పినదాన్ని, చీటీ నమ్మి ఆకు చూడకుండా తెచ్చేశాను. నీలి కృష్ణకమలం, అంటే పాసిఫ్లోరా సెరూలియా ఆకుకు మామూలుగా ఐదు చీలికలు, అంచు నున్నగా ఉంటుంది. నాకిచ్చిన దానికి ప్రతి ఆకూ మూడు చీలికలే, అంచంతా రంపపు పళ్ళు. కాడ ఆకును కలిసేచోట ఆవగింజంత బుడిపెలు రెండు, వాటి తేనె కోసం చీమలు. అది పాషన్ ఫ్రూటే, పాసిఫ్లోరా ఎడ్యులిస్. దసరాకి పూశాక ఇక అనుమానమే లేదు.

ఎర్రది మాత్రం అసలైన పాసిఫ్లోరా విటిఫోలియా. రంగు చూసి దీన్ని దూరపు చుట్టం అనుకుంటారు, కాదు. 500కు పైగా జాతులున్న ఈ పాసిఫ్లోరా ప్రజాతిని (జీనస్) 1938లో వృక్షశాస్త్రవేత్త కిల్లిప్ 22 ఉపప్రజాతులుగా విడదీశారు. 2003లో ఫ్యూయే, మెక్‌డూగల్ వాటిని నాలుగుకు కుదించారు. ఆ లెక్కన నా తీగలన్నీ ఒకే ఉపప్రజాతి గూటివి. ఎరుపు, పొడవాటి తేనె గొట్టం హమ్మింగ్‌బర్డ్ కోసం వచ్చిన మార్పులు. ఆ పిట్ట అమెరికా ఖండాల్లోనే ఉంటుంది. మా డాబా మీదికి తేనెపిట్టలు వస్తాయి కానీ ఎర్రదానికి ఇంతవరకు ఒక్క కాయా పట్టలేదు. మన ఊరి కంచెల మీద, కాయ చుట్టూ జిగురు వల కట్టుకునే తెల్లజుమికి కూడా ఈ గూటిదే. పిల్లలకు ఈ మాట చెప్పినప్పుడల్లా కళ్ళు పెద్దవి చేసేవాళ్ళు.

రెండాకులు కోసి పట్టుకెళ్ళి చూపిస్తే, నర్సరీ అబ్బాయి వాటిని వేలితో తడిమి చూసి, "మేడం, మాకు వచ్చేటప్పుడే కలిసిపోతున్నాయి" అన్నాడు. డబ్బు అడగకుండా ఐదు చీలికల మొక్క తనే వెతికి ఇచ్చాడు. పాతది వెనక్కి తీసుకోలేదు. అక్కడికి వెళ్తే ఆకుల చీలికలు లెక్కపెట్టి, అంచు మీద వేలు రాసి చూసి తీసుకోండి. నా కొత్త తీగకు నిన్న మొదటి మొగ్గ కనిపించింది.