ముగ్గుకు ఒకటి, అచ్చుకు ఒకటి: కోరెల్‌డ్రా, ఇంక్‌స్కేప్‌లతో నా అనుభవం

మా బంధువుల ఇళ్లలో పెళ్లి కుదిరితే కార్డు తయారుచేసే పని నాకు వస్తుంది. అందరివీ చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కావడంతో కార్డులో ఒకవైపు తెలుగు, మరోవైపు ఇంగ్లీషు ఉండాలి. ఒక్కోసారి అవతలివారి కోసం తమిళం కూడా చేరుతుంది. నేను వృత్తిరీత్యా డిజైనర్‌ను కాను. పగలు ఒక ఆఫీసులో జమాఖర్చులు చూసుకుని, సాయంత్రాలు ఈ పని చేస్తాను. 2009లో తిరువల్లిక్కేణిలో మా బాబాయి నడిపిన డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే) దుకాణంలో కోరెల్‌డ్రా అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌లో ఎక్స్4 వెర్షన్ నేర్చుకున్నాను. 2017లో అలాంటిదే అయిన ఇంక్‌స్కేప్ 0.92ను ఇంటి కంప్యూటర్‌లో వేసుకున్నాను. ఆ తర్వాత రెండింటిలోనూ కొత్త వెర్షన్లకు మారాను గాని, ఏ ఒక్కదాన్నీ వదలలేదు. కోరెల్‌డ్రాకు డబ్బు కట్టాలి, ఇంక్‌స్కేప్ ఉచితం అన్న తేడా అందరికీ తెలిసిందే. రోజూ వాడేవారికి దానికన్నా ముఖ్యమైన తేడాలు వేరే ఉన్నాయి.

వాటిలో మొదటిది తెలుగు అక్షరం. నేను పని నేర్చుకున్న రోజుల్లో తెలుగు డీటీపీ అంతా యూనికోడ్ (ప్రతి లిపి అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే ప్రమాణం) కాని ఫాంట్లతోనే నడిచేది. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చిన ఫాంట్లు అవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు మాయమై అర్థంలేని గుర్తులు కనబడతాయి. అందుకే దుకాణం నుంచి ఏ ఫైలు బయటికి వెళ్తున్నా, "కర్వ్స్ చేశాకే పంపమ్మా" అని బాబాయి ప్రతిసారీ గుర్తుచేసేవారు. కర్వ్స్ చేయడమంటే అక్షరాన్ని బొమ్మగా మార్చేయడం. ఆ తర్వాత అందులో ఒక్క వత్తు తప్పుగా ఉన్నా దిద్దడానికి వీలుండదు. కోరెల్‌డ్రాలో తెలుగులా వత్తులు, గుణింతాలు కలిసే సంక్లిష్ట లిపులకు సరైన ఏర్పాటు 2012లో వచ్చిన ఎక్స్6తో మొదలైంది. ఇప్పటి వెర్షన్లలో యూనికోడ్ తెలుగు చక్కగా కుదురుతుంది, కాబట్టి దీన్ని ఇంకా దాని లోపంగా చెప్పడం న్యాయం కాదు.

ఇంక్‌స్కేప్‌లో అక్షరాలను కూర్చే పని పాంగో, హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ భాగాలు చేస్తాయి. "లక్ష్మి", "స్త్రీ" వంటి మాటలు ఏ ప్రత్యేకమైన అమరికా లేకుండానే సరిగా పడతాయి. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి, సూరన్న, పెద్దన వంటి ఫాంట్లను ఉచితంగా దించుకుని అందులో వాడుకుంటున్నాను. పెళ్లి కార్డుల పనిలో నాకు తరచు ఎదురయ్యే ఇబ్బంది పేర్ల దగ్గర వస్తుంది: "రాజ్‌కుమార్" అని కొడితే జ కింద క వత్తు చేరి, ఆ పేరు చదవడానికి ఇబ్బందిగా తయారవుతుంది. ఇంక్‌స్కేప్‌లో పొల్లు తర్వాత కంట్రోల్, యు కలిపి నొక్కి, 200సీ కొట్టి ఎంటర్ నొక్కితే, కంటికి కనబడని విడదీత గుర్తు అక్కడ చేరి రెండు అక్షరాలూ విడివిడిగా నిలుస్తాయి. కీబోర్డు మార్చకుండా, వేరే చోటి నుంచి కాపీ చేయకుండా జరిగిపోయే ఈ చిన్న పని కోసమే నేను తెలుగు పాఠాన్ని ఎప్పుడూ ఇంక్‌స్కేప్‌లోనే కూర్చుకుంటాను. ఏ ప్రోగ్రామ్‌లోనైనా వరుసల మధ్య దూరం మాత్రం మనమే పెంచుకోవాలి. ఇంగ్లీషుకు సరిపోయే దూరంలో పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి.

గీతల విషయానికి వస్తే నా మనసు పూర్తిగా ఇంక్‌స్కేప్ వైపే ఉంటుంది. సంక్రాంతికి మా అపార్ట్‌మెంటు తెలుగువారి కోసం ప్రతి సంవత్సరం ముగ్గుల కాగితాలు తయారుచేస్తాను. 15 చుక్కలు, 8 వచ్చే వరకు సందు చుక్క అంటే మొత్తం 169 చుక్కలు. ఇంక్‌స్కేప్‌లో ఒక్క చుక్క పెట్టి, దాని క్లోన్లను (మూలాన్ని అనుసరించే నకళ్లను) వరుసలుగా పరచమని, వరుస విడిచి వరుసను సగం దూరం పక్కకు జరపమని చెబితే సందు చుక్కల పట్టు వెంటనే తయారవుతుంది. మూలల్లో మిగిలినవి తీసేస్తే చాలు. తర్వాత చుక్క మరీ చిన్నదిగా ఉందనిపిస్తే మొదటి చుక్క ఆకారాన్ని కాస్త పెద్దదిగా దిద్దితే మిగిలినవన్నీ దాన్ని అనుసరిస్తాయి. కోరెల్‌డ్రాలోని స్టెప్ అండ్ రిపీట్ కూడా చుక్కలను అంతే వేగంగా పరుస్తుంది, అయితే అవి దేనికది విడి నకళ్లు. పద్మం ముగ్గులకు ఇంక్‌స్కేప్‌లోని పాత్ ఎఫెక్టులు ఇంకా బాగా పనికొస్తాయి. ఒక్క రేకు గీసి, కేంద్రం చుట్టూ ఎనిమిది నకళ్లు తిప్పమని చెప్పాక, ఆ రేకులో ఒక నోడ్‌ను (గీత వంపును మార్చే బిందువును) పట్టుకుని లాగుతుంటే ఎనిమిది రేకులూ కళ్ల ముందే కలిసి వంగుతాయి. ముగ్గుపిండితో వాకిట్లో గీసేటప్పుడు ఒక వంపు నచ్చకపోతే అన్నిటినీ చెరిపి మళ్లీ వేయాలి. ఇక్కడ ఆ వంపు దగ్గర తీరిగ్గా కూర్చుని ఆలోచించవచ్చు. నాకు ఈ ప్రోగ్రామ్ మీద ప్రేమ పుట్టింది అక్కడే.

అచ్చు దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి తలకిందులవుతుంది. ఇంక్‌స్కేప్‌లో రంగు ఎంచుకునేటప్పుడు సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు అచ్చు సిరాల) స్లైడర్లు కనబడతాయి గాని, నేను వాడుతున్న 1.3లో అది పీడీఎఫ్ ఇచ్చేది ఆర్‌జీబీలోనే, అంటే తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెక్కలోనే. నలుపు విషయంలో ఇది పెద్ద చిక్కు. ప్రెస్సులో ఆ ఫైలును నాలుగు రంగులకు మార్చినప్పుడు, మనం పెట్టిన అచ్చమైన నలుపు ఒక్క నల్ల సిరాగా మిగలదు. స్వాప్ అనే అచ్చు ప్రమాణపు ప్రొఫైల్‌తో మారిస్తే అది సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 శాతంగా విడిపోతుంది. అంటే సన్నని తెలుగు అక్షరం సిరాకు ఒకటి చొప్పున ఉండే నాలుగు ప్లేట్ల మీదికీ వెళ్తుంది. కాగితం వెంట్రుకవాసి జరిగినా ఆ అక్షరం అంచున రంగు నీడ పడుతుంది. మన వత్తులు, గుడి, సున్నా ఎంత సన్నగా ఉంటాయో తెలిసినవారికి ఆ నష్టం ఎంతో అర్థమవుతుంది. ఒక గృహప్రవేశం కార్డుకు నేను అలాంటి ఫైలునే పంపాను. 300 కార్డులూ ముహూర్తం, చిరునామా ఉన్న చిన్న అక్షరాల చుట్టూ ఎర్రటి అంచుతో వచ్చాయి. ప్రెస్సు తప్పేమీ లేదు, వారు వచ్చిన ఫైలును అచ్చువేశారు. కోరెల్‌డ్రాలో అక్షరానికి నలుపు 100, మిగతావి సున్నా అని పెడితే పీడీఎఫ్‌లోనూ అలాగే నిలుస్తుంది, ఏ ప్లేటు మీద ఏముందో అచ్చుకు ముందే విడివిడిగా చూసుకోవచ్చు. ఇలా ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్ అచ్చుకు ఇది తప్పనిసరి అవసరం.

అన్ని పనులకూ ఈ జాగ్రత్త అక్కర్లేదు. ఆండర్సన్ వీధిలో తయారుగా దొరికే కార్డులు కొని, వాటి మీద బంగారు రంగో కుంకుమ రంగో ఒక్కటే స్క్రీన్ ప్రింటింగ్ చేయించేవారు చాలామంది ఉన్నారు. దానికి కావలసింది నలుపు, తెలుపు ఫిల్మ్ మాత్రమే కాబట్టి ఇంక్‌స్కేప్ ఫైలు నిశ్చింతగా ఇవ్వవచ్చు. ఫ్లెక్స్ బ్యానర్లకూ అంతే.

రెండూ వాడేవారికి చేతి అలవాటు మరో సమస్య. కోరెల్‌డ్రాలో కంట్రోల్, క్యూ నొక్కితే అక్షరాలు కర్వ్స్ అవుతాయి. ఇంక్‌స్కేప్‌లో అదే జంట ప్రోగ్రామ్‌నే మూసేస్తుంది. సేవ్ చేయని పని ఉంటే అడుగుతుంది గాని, అలవాటు చొప్పున అక్కడ కూడా తప్పు మీట నొక్కితే శ్రమ పోతుంది. ఇంక్‌స్కేప్‌లో షార్ట్‌కట్లు మార్చుకునే వీలుంది, మొదటి రోజే ఆ పని చేసుకోవడం మంచిది. కొలతల్లోనూ తేడా ఉంది. ఇంక్‌స్కేప్ మొదట చూపే కొలతలో గీత మందం కూడా కలిసి ఉంటుంది, కోరెల్‌డ్రా గీత మందాన్ని లెక్కించదు. కార్డు కోత గీతకు ఆ అర మిల్లీమీటరు ముఖ్యం. ప్రిఫరెన్సులలో జామెట్రిక్ బౌండింగ్ బాక్స్ అన్నది ఎంచుకుంటే రెండూ ఒకే కొలత చెబుతాయి.

ఇప్పుడు నా పని సాగే వరుస ఇది. బొమ్మ, పాఠం ఇంక్‌స్కేప్‌లో పూర్తిచేసి, ఒక నకలులో అక్షరాలను పాత్‌లుగా (కోరెల్‌డ్రా మాటలో కర్వ్స్‌గా) మార్చి, ఇంక్‌స్కేప్ సొంత ఫైలు రకమైన ఎస్‌వీజీగా సేవ్ చేస్తాను. దాన్ని కోరెల్‌డ్రాలోకి తెచ్చి, రంగులను వెతికి మార్చే సాధనంతో ఆర్‌జీబీ నలుపునంతా ఒకేసారి నలుపు 100కు మారుస్తాను. ఇక్కడి చాలా ప్రెస్సులు కోరెల్‌డ్రా సొంత రకమైన సీడీఆర్ ఫైలే అడుగుతాయి, పైగా పాత వెర్షన్‌లో సేవ్ చేసి ఇమ్మంటాయి, ఎందుకంటే కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదానిలో తెరుచుకోదు. ఇంక్‌స్కేప్ సీడీఆర్‌ను చదవగలదు గాని రాయలేదు. కాబట్టి ఈ చివరి మెట్టు కోరెల్‌డ్రాలోనే ఎక్కాలి.

అయితే దాచుకునే ప్రతి మాత్రం పాత్‌లుగా మార్చని ఎస్‌వీజీయే. 2018లో మా పిన్ని కూతురి పెళ్లికి చేసిన కార్డును మొన్న ఆమె పాప అన్నప్రాశన పిలుపు కోసం బయటికి తీశాను. ఎస్‌వీజీ మామూలు పాఠమే కాబట్టి నోట్‌ప్యాడ్‌లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనబడుతుంది. "చి||ల||సౌ||" అన్న మాట వెతికి, అక్కడ ఉన్న పేరు తీసి పాప పేరు కొట్టి, ఇంక్‌స్కేప్‌లో తెరిచాను. అంచున గీసిన మామిడాకుల తోరణం, మధ్యలో సూరన్న అక్షరాలు ఆనాడు పెట్టినచోటే ఉన్నాయి.