ఊసరవెల్లి పిల్లకి బోను: స్టోన్‌హౌస్‌పేట మెష్ తలుపుల షాపు

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో దోమల మెష్ తలుపులు, అల్యూమినియం కిటికీలు చేసే చిన్న షాపు ఒకటుంది. మా ఊసరవెల్లి పిల్లకి బోను అక్కడే చేయించాను. పని బాగుంది.

మా ఊసరవెల్లి యెమెన్, సౌదీ ప్రాంతాల వెయిల్డ్ రకం. కాగితాలతో కొని, కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్‌లో నమోదు చేయించాం. మన చేలగట్ల మీద తిరిగే ఊసరవెల్లికి 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. దాన్ని పట్టుకొచ్చి పెంచడం నేరం, ఆ పని మాత్రం చేయొద్దు.

పిల్లకి గాజు తొట్టి కన్నా మెష్ బోను మేలు. గాలి ఆడకపోతే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది. పైగా మామూలు గాజు ఎండలోని యూవీబీ (ఒక రకం అతినీలలోహిత) వెలుతురుని దాదాపు ఆపేస్తుంది. అది అందకపోతే మేత మీద ఎంత కాల్షియం పొడి చల్లినా ఒంటికి పట్టదు, ఎముకలు మెత్తబడిపోతాయి.

షాపాయన మొదట ఫైబర్ మెష్ చాలన్నారు. కీచురాళ్లు దాన్ని కొరికేస్తాయని చెబితే విసుక్కోకుండా స్టీల్ మెష్ ముక్కలు తెచ్చి ముందు పెట్టారు. డబ్బాలో తీసుకెళ్లిన బుల్లి కీచురాళ్లని వాటి మీద వదిలి చూసి, దూరలేనిదే ఎంచుకున్నాను. కొలత అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. మరీ పెద్ద బోనులో పిల్లకి మేత దొరకదు.

నాకు నచ్చనిది ఒక్కటే. తలుపు మూల కత్తిరించిన తీగ మొనలు బయటికి పొడుచుకొచ్చాయి. ఊసరవెల్లి పాదం పటకారు లాంటిది: వేళ్లు ఒకవైపు రెండు, ఇంకోవైపు మూడు కలిసిపోయి ఉంటాయి. దేన్ని పట్టుకున్నా గట్టిగా పట్టేస్తుంది. మొనలో చిక్కుకుని లాక్కుంటే గోరు ఊడొస్తుంది. వెనక్కి తీసుకెళ్తే డబ్బులు అడగకుండా చుట్టూ రబ్బరు బీడింగ్ వేసిచ్చారు.

అడుగున లాగి కడిగే ట్రే పెట్టడం మాత్రం ఆయన ఆలోచనే, చాలా ఉపయోగపడుతోంది. ఇది గిన్నెలో నీళ్లు తాగదు. పొద్దున్నే లోపలున్న మందారం మొక్క మీద స్ప్రే చేస్తాను. ఆకు కొసన చుక్క వేలాడితే ముందు ఒక కన్ను అటు తిరుగుతుంది, తర్వాత నిదానంగా దగ్గరికొచ్చి నాకుతుంది. కారిన నీళ్లన్నీ ట్రేలోకి పోతాయి. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగుకి తిరిగితే నీళ్లు చాలట్లేదని అర్థం.

మన ఎండలకి వేసవిలో హీట్ బల్బు జోలికి పోకండి. రంగు పాలిపోయి నోరు తెరిచి కూర్చుంటే వేడికి తట్టుకోలేకపోతోందని లెక్క, వెంటనే చల్లని చోటికి మార్చాలి.

చెప్పిన రోజుకి ఇవ్వలేదు, అది ముందే తెలుసుకోండి. ధర ఆన్‌లైన్‌లో చూసిన దిగుమతి బోన్లలో సగం కూడా కాలేదు. పెద్దయ్యాక రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తుది కావాలి. అదీ వీళ్లకే ఇస్తాను. మీరు వెళ్తే బీడింగ్ సంగతి ఆర్డర్ పుస్తకంలో రాయించండి.